రెండో స్థాయిలో ఆదివారాలు

నా భార్యకు నాగపూర్ బదిలీ అయిన వేసవిలో మేము రెండో గేమ్ కన్సోల్ కొన్నాం. మొదటిది అమీర్‌పేటలో, మా హాల్లో టీవీ కింద ఉండిపోయింది. రెండోది ఆమె పెట్టెలో నేతచీరల మడతల మధ్య సర్దుకుని సికింద్రాబాదులో రైలెక్కింది. యాభై దాటినవాడు, అందులోనూ పంజాగుట్టలోని ఒక ఆడిటరు కార్యాలయంలో ఇతరుల లెక్కలు సరిచూసి బతికేవాడు, ఒక వీడియో ఆట గురించి ఇంత శ్రద్ధగా రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. అయితే ఆమె ఊళ్ళో లేని ఆ కాలంలో మా సంసారం చాలావరకు ఆ ఆటలోనే సాగింది. దాని నియమాలు కొంత చెబితే తప్ప మాకు ఏం జరిగిందో చెప్పడం కుదరదు.

మొదటి కన్సోల్ లాక్‌డౌన్ రోజుల నాటిది. అప్పుడు బ్యాంకులు తెరిచే ఉన్నాయి, మా కార్యాలయం మూతపడింది. ఉదయం ఆమె మాస్కు కట్టుకుని బ్యాంకుకు వెళ్ళిపోయేది. పిల్లలు లేని ఇల్లు మాది. రోజంతా నేనొక్కణ్ణే వంటింటికీ బాల్కనీకీ మధ్య తిరుగుతుండేవాణ్ణి. ఆంక్షలు సడలిన వారంలో ఆమె ఇంటికి వస్తూ, మా సందు చివర కోచింగ్ సెంటర్ల భవనం సెల్లారులో ఉన్న దుకాణంలో ఒక పాత కన్సోల్ కొనుక్కొచ్చింది. నాకు కాలక్షేపం కోసమని తెచ్చింది. నాలుగో రోజుకల్లా దాన్ని ఆమె చేతుల్లోంచి తీసుకోవడం నాకు కష్టమైంది.

ఆట సంగతి ఇది. ఒక పాడుబడిన రాజ్యం, అందులో మనకొక పాత్ర. ఆమె విలుకత్తె, నేను డాలు పట్టిన సైనికుణ్ణి. శత్రువును ఓడించినప్పుడల్లా పాత్రకు కొంత అనుభవం జమ అవుతుంది. అది ఒక హద్దు చేరితే పాత్ర ఒక మెట్టు ఎదుగుతుంది. ఓడినవాడి దగ్గర రాలిపడిన కత్తినో కవచాన్నో ధరిస్తే బలం మరికాస్త పెరుగుతుంది. ఒకే సోఫాలో కూర్చుని, ఒకే తెర మీద ఇద్దరం ఆడేవాళ్ళం. మా స్వభావాలు అక్కడా మారలేదు. దారిలో కనిపించిన ప్రతి పల్లెవాసితోనూ మాట్లాడి, ప్రతి పెట్టె మూతా ఎత్తి చూసి, ఒక గది పూర్తయ్యాకే రెండో గదిలో అడుగుపెట్టడం నా పద్ధతి. ఆమె తలుపు కనిపిస్తే చాలు, లోపలికి దూసుకుపోయేది.

“ఏమండీ, ఆ కుండలన్నీ పగలగొట్టడం అయ్యాక ఇటు రండి. ఇక్కడ నన్ను నలుగురు కొడుతున్నారు,” అనేది.

దొరికిన మంచి కవచాన్ని నేను వెంటనే తొడిగేవాణ్ణి కాదు. ముందు ముందు పెద్ద శత్రువు రావచ్చు, అప్పటికి పనికొస్తుందని ఆటలో ఉండే కొట్టుగదిలో దాచేవాణ్ణి. ఆ పెద్ద శత్రువు వచ్చి, పోయాక కూడా అది అక్కడే ఉండేది. బీరువాలో పట్టుపంచెలు పెట్టినట్టు పెడుతున్నారు, ఎవరి పెళ్ళికండీ అని ఆమె వేళాకోళమాడేది. ఇంట్లో ఆమె పట్టుచీరలు కూడా సరిగ్గా అలాగే ఉంటాయని నేను గుర్తుచేస్తే, చీరలకు రాక్షసులు ఎదురుపడరు కదా అనేది.

ఆ ఆటలో కష్టం నాలుగు స్థాయిలుగా ఉంది. అన్నిటిలోనూ కథ అదే, దారులు అవే, శత్రువుల ముఖాలూ అవే. స్థాయి పెరిగితే వాళ్ళ దెబ్బ బరువెక్కుతుంది. మన కవచం ఎంత గొప్పదైనా దాని బలంలో కొంత కోత పడుతుంది. స్థాయి అంటే ఈ దెబ్బల తేడా మాత్రమేనని చాలాకాలం అనుకున్నాను. అది పొరపాటు. మన పాత్ర ఎంతవరకు ఎదగగలదో నిర్ణయించేది కూడా ఆ స్థాయే. కింది స్థాయిలో ఒక హద్దు వరకు మెట్లు చకచకా వస్తాయి. ఆ తర్వాత ఎన్ని గంటలు ఆడినా శత్రువులు పడిపోతూనే ఉంటారు, గెలుపు వస్తూనే ఉంటుంది, పాత్ర మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పై స్థాయిలో రాలే ఆయుధాలు కింద రాలవు. పైన దొరికే మామూలు కత్తి ముందు, కింద మనం అపురూపంగా దాచుకున్న కత్తి వెలవెలబోతుంది. ఒక స్థాయి నుంచి మరోదానికి పోయే దారిలో ఒక మందిరం ఉంటుంది. అక్కడ కాపలా ఉన్నవాణ్ణి ఓడిస్తేనే పై తలుపు తెరుచుకుంటుంది.

ఒకే తెర మీద ఆడినంతకాలం స్థాయి ఇద్దరికీ ఒకటే. ఆ సోఫాలో కూర్చుని మేము మొదటి స్థాయి ముగించాం, రెండోదానిలో సగం దాకా వెళ్ళాం. అప్పుడు నాగపూర్ వచ్చింది.

ఆమె బ్యాంకులో ప్రమోషనూ బదిలీ ఒకే కవరులో వస్తాయి. హైదరాబాదు వదలడం ఇష్టంలేని ఆఫీసర్లు దీనికొక మర్యాదైన పద్ధతి పెట్టుకున్నారు. దరఖాస్తు చేస్తారు, రాతపరీక్ష నెగ్గుతారు, ఇంటర్వ్యూ రోజున సెలవు పెట్టి ఇంట్లో ఉంటారు. నగరంలోని ప్రతి శాఖలోనూ అలాంటివారు ఒకరిద్దరు కనిపిస్తారు. తాము శిక్షణ ఇచ్చినవారి సంతకం కోసం ఫైలు పట్టుకుని నిలబడతారు. వారిని ఎవరూ కారణం అడగరు. నా భార్య రెండుసార్లు అలా సెలవు పెట్టింది. ఒకసారి మా అమ్మ మంచాన పడినప్పుడు, మరోసారి నా కంటి ఆపరేషనప్పుడు. మూడోసారి ఇంటర్వ్యూకు వెళ్ళింది.

ఆమె వెళ్ళాక ఆదివారాలకు ఒక క్రమం ఏర్పడింది. ఉదయం ఎర్రగడ్డ రైతుబజారుకు వెళ్ళి ఒక్కడికి సరిపడా కూరలు తెచ్చుకునేవాణ్ణి. పావుకిలో బెండకాయలు అడిగితే అమ్మే ఆవిడ ఇంకో గుప్పెడు వేసి, ఇంతేనా అన్నట్టు చూసేది. వండుకుని, తిని, నాలుగింటికి హెడ్‌ఫోన్ పెట్టుకుని తెర ముందు కూర్చునేవాణ్ణి. ఇప్పుడు మా తెరలు రెండు, లోకాలు రెండు. ఎవరి లోకంలోకి రెండోవారు వస్తే అక్కడి స్థాయే ఇద్దరికీ వర్తిస్తుంది. ఆమే నా లోకంలోకి వచ్చేది. కోట గుమ్మం దగ్గర గాలి ముద్దకట్టినట్టు ఒక వెలుగు కనిపించేది. అందులోంచి ఆకుపచ్చ దుప్పటి కప్పుకున్న విలుకత్తె బయటికి నడిచి వచ్చేది. ఆ దుప్పటి మేమిద్దరం సోఫాలో ఉండగా దొరికింది.

అస్థిపంజరాలను కొడుతూ మేము అపార్ట్‌మెంట్ నిర్వహణ రుసుము గురించి, గ్యాసు బండ గురించి, నాగపూర్‌లో ఆమెకు దొరకని గోంగూర గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఫోనులో అయితే పది నిమిషాలకు మాటలు అయిపోతాయి. ఇక్కడ మాట్లాడకపోయినా పక్కన ఒకరు నడుస్తున్నట్టు ఉండేది. ఏడింటికి ఆమె వంటకు లేచేది. విలుకత్తె నిలుచున్నచోటే పలచబడి మాయమయ్యేది. నేను కన్సోల్ వెంటనే కట్టేసేవాణ్ణి కాదు. ఆమె నిలుచున్న రాతిపలక పక్కన నా సైనికుడు డాలు ఆనించుకుని ఇంకొంతసేపు ఉండేవాడు.

మిగతా రోజుల్లో నేను ఆడేవాణ్ణి కాదు. ఆమె లేకుండా ఆడటం, ఆమె కోసం తీసిన పక్క సీటు ఖాళీగా పెట్టుకుని సినిమా చూసినట్టు ఉండేది. అందువల్ల నా మెట్లు ఆగిపోయాయి. రెండో స్థాయి ఇవ్వగలిగిందంతా ఇచ్చేసింది. ఆమె పాత్ర కూడా ఆ దుప్పటిలోనే కనిపించేది కనుక ఇద్దరం కలిసే ఆగిపోయామనుకున్నాను. నిజం చెప్పాలంటే అది నాకు సంతోషంగానే ఉండేది.

నాగపూర్‌లో రెండో ఏడు వానాకాలంలో మళ్ళీ ప్రమోషన్ల సర్క్యులర్ వచ్చింది. ఇంటర్వ్యూకు వెళ్ళనని ఆమె ఫోనులో చెప్పింది. ఉన్న హోదాలోనే గడువు ముగిస్తే హైదరాబాదు అడగవచ్చు, మాసబ్ ట్యాంక్ శాఖలో ఖాళీ ఉందట. మంచిది అన్నాను. మర్నాడు సాయంత్రం పంజాగుట్టలో ఆఫీసు వదిలాక ఇంటికి రాకుండా మాసబ్ ట్యాంక్ బస్సెక్కాను. ఆ శాఖ ఎదురుగా, రోడ్డుకు ఇవతల నిలబడ్డాను. షట్టరు సగం దించి ఉంది. దాని కింది నుంచి వంగి ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు. ఆమె ఆ మెట్లు దిగి, రోడ్డు దాటి, నా పక్కన నిలబడి బస్సు కోసం మెడ చాచి చూడటం ఊహించుకున్నాను. అక్కడి నుంచి మా ఇంటికి ఎంతసేపు పడుతుందో ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను.

ఆ నెలలోనే నా కంట్రోలర్ పాడయింది. నేను ముట్టుకోకపోయినా సైనికుడు తనంతట తాను ఎడమకు నడిచి గోడకు తల కొట్టుకుంటున్నాడు. దాన్ని సెల్లారు దుకాణానికి తీసుకెళ్ళాను. దుకాణం ఆయన నలభై ఏళ్ళ మనిషి, అమీర్‌పేటలోనే పుట్టి పెరిగినవాడు. మాకు రెండు కన్సోళ్ళూ అమ్మింది ఆయనే. అదే ఆట తానూ ఆడతాడు. అమ్మిన రోజునే మా ఇద్దరినీ ఆటలోని తన స్నేహితుల జాబితాలో చేర్చుకున్నాడు. మరలు విప్పుతూ, తల ఎత్తకుండానే అడిగాడు.

“సార్, మీరింక రెండోదాంట్లనే తిరుగుతుండ్రా? మేడం గారు ఎప్పుడో నాల్గోదాంట్లకు పోయిన్రు. మస్తు ఆడుతున్నరు.”

అది సాధ్యం కాదన్నాను. ప్రతి ఆదివారం ఆమె నాతో రెండో స్థాయిలోనే ఉంటుందని చెప్పాను.

“గదే కద సార్ నేను చెప్పేది. కిందికి దిగొచ్చి ఆడుతున్నరు మీతోటి. దిగొస్తే ఏం రాదు, ఒక్క పాయింట్ సుత పెరగదు.” పుల్లతో దుమ్ము తీసి ఊదాడు. “మా బేగం అయితే నన్ను కిందనే ఇడిచిపెట్టి పోతది.”

నేను బల్ల మీది మరలను ఒక్కొక్కటే వరసగా పెట్టసాగాను. దాన్ని ఆయన మరోలా అర్థం చేసుకున్నట్టున్నాడు; కావాలంటే తానే వచ్చి మందిరాల కాపలాదార్లను కొట్టి తలుపులు తీయిస్తానన్నాడు. “రెండు నిమిషాల పని సార్, ఫికర్ చేయకుండ్రి. కాకపోతే లోపలికి పోయినంక మీ హాలత్ ఖరాబ్. గీ కవచంతోటి ఒక్క దెబ్బకు పడిపోతరు.”

ఆ ఆదివారం నేను మొదటిసారి ఆమె ఆటను పరిశీలనగా చూశాను. లోపలికి వచ్చే ముందు ఎప్పుడూ ఒక్క నిమిషం అని అడిగేది; ఆ నిమిషంలో ఏం జరుగుతోందో ఇప్పుడు తెలిసింది. తాను సంపాదించుకున్నవన్నీ విప్పి కొట్టుగదిలో పెట్టి, పాత దుప్పటీ పాత విల్లూ తీసుకుంటోంది. అంతటితో ఆగలేదు. నాలుగో స్థాయిలో తిరిగే మనిషికి ఈ అస్థిపంజరాల దెబ్బ తప్పించుకోవడం చిటికెలో పని. ఆమె తప్పించుకోవడం లేదు. మూలకు తగ్గుతూ, చుట్టుముట్టనిస్తూ, నేను డాలు అడ్డం పెట్టి పరుగెత్తుకు వచ్చేదాకా ఆగుతోంది. ఇన్ని నెలల ఆదివారాలు నేను ఆమెను కాపాడుతున్నాననే అనుకున్నాను.

“ఈ పాత విల్లు ఎందుకు పట్టుకొచ్చావు?” అన్నాను.

తెర మీద విలుకత్తె ఎక్కుపెట్టిన విల్లు దించింది.

“ఎవరు చెప్పారు?”

“దుకాణం భాయ్.”

“ఆయనకు రిపేర్లు తగ్గి కబుర్లు పెరిగినట్టున్నాయి.”

“నీ అసలు విల్లుతోనే రావచ్చు కదా.”

“వస్తే మీకు ఆట ఎక్కడుంటుందండీ? నేను బాణానికొకణ్ణి పడగొడుతుంటే మీరు వెనకాల ఏరుకుంటూ నడవాలి. దానికి మీరెందుకు, సంచి చాలు.”

నాకు నవ్వు వచ్చింది. ఏమీ రాని చోట ఇన్నాళ్ళు తిరగడం విసుగనిపించలేదా అని అడిగాను.

“ఏమీ రాకపోవడం ఏంటండీ,” అంది. “మీరున్నారుగా.”

ఆ మాట దగ్గర ఆగిపోయి ఉంటే నాకు చాలా హాయిగా ఉండేది. కొన్ని నెలలు ఓపిక పడితే మాసబ్ ట్యాంక్ మెట్లు, సాయంత్రం బస్సు, ఒకే సోఫా. నేను ఏమీ అడగనక్కర్లేదు; ఊరుకుంటే చాలు. కాని కోట నడవలో ఆమె పాత్ర ఆ వెలిసిన దుప్పటిలో నిలబడి ఉంది. ఇంటర్వ్యూ రోజున సెలవు పెట్టి ఇంట్లో కూర్చునే ఆమె నాకు కనిపించింది. రెండు చోట్లా ఆమె చేస్తున్నది ఒకే పని. రెండు చోట్లా ఆమె దిగివచ్చింది నేనున్న మెట్టుకే.

“ఇంటర్వ్యూకు వెళ్ళకపోవడం కూడా ఇలాంటిదేనా?” అన్నాను.

“దానికీ దీనికీ ఏంటి సంబంధం?”

“నాకు తెలియదు. నువ్వే చెప్పు.”

ఈసారి ఆమె చాలాసేపు మాట్లాడింది. వెళితే గువాహటి ఇస్తారని జోనల్ ఆఫీసులో ముందే చెప్పారట. అక్కడి నుంచి నెలకోసారి రావడం కూడా కుదరదు. ఈసారి మూడేళ్ళు. నేను ఒక్కణ్ణే వండుకోవడం, జ్వరం వస్తే తలుపు తీసే దిక్కు లేకపోవడం, ఇవన్నీ తాను ఆలోచించుకున్నానంది. ఉన్న కుర్చీ చాలంది.

“కుర్చీ సంగతి కాదు. ఆ పై హోదాలో పని నీకు ఇష్టమా?”

“ఇష్టమే,” అంది, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు. “ఆ పని చెయ్యాలని ఎప్పటి నుంచో ఉందండీ.”

“అయితే సెలవు పెట్టకు. వెళ్ళు.”

రెండక్షరాల మాట. అది నోటి నుంచి వెలుపలికి వచ్చాక హాలు మరింత పెద్దదైనట్టు అనిపించింది. కింద సందులో కోచింగ్ పిల్లలు టీ దుకాణం దగ్గర ఏదో పందెం మీద కేకలు వేస్తున్నారు. తెర మీద మేమిద్దరం కదలకుండా నిలబడి ఉన్నాం. మమ్మల్ని పట్టించుకోకుండా ఒక గబ్బిలం నడవ ఆ చివరికీ ఈ చివరికీ ఎగురుతోంది.

“వెళితే ఒక షరతు,” అంది చివరికి. “మీరు రెండో స్థాయిలో కూర్చోకూడదు. పైకి రావాలి. మీ అంతట మీరే రావాలి, ఆ భాయ్‌ని పిలిచి కొట్టించుకోవడం కాదు.”

సరేనన్నాను.

ఆమె ఇంటర్వ్యూకు వెళ్ళింది. చలికాలం మొదట్లో ఉత్తర్వు వచ్చింది, గువాహటికే. నాగపూర్ ఖాళీ చేసి కొత్త చోట చేరడానికి మధ్య దొరికిన కొద్ది రోజులు ఇంట్లో ఉంది. ఆ రోజుల్లో మేము సోఫాలో ఆడాం, నా స్థాయిలోనే, అయితే ఆమె తన నిజమైన కవచంతో. నల్లటి లోహం మీద నీలి గీతలున్న కవచం, తన కంటే ఎత్తయిన విల్లు. ఆమె చెప్పినట్టే జరిగింది. ఒక్కో బాణానికి ఒక్కొక్కడు పడిపోయాడు, నేను వెనకాల ఏరుకుంటూ నడిచాను. విసుగ్గా ఉందా అని రెండు మూడుసార్లు అడిగింది. లేదన్నాను. నేను తెరను చూడటం లేదు. కంట్రోలర్ మీద ఆమె బొటనవేళ్ళు ఎంత తేలిగ్గా, ఎంత ఖచ్చితంగా కదులుతున్నాయో చూస్తున్నాను. ఎన్ని సాయంత్రాలు ఆ నాగపూర్ గదిలో ఆమె ఒక్కతే కూర్చుంటే ఆ వేగం వచ్చి ఉంటుందో అనుకున్నాను. ఆ సాయంత్రాల్లో పక్కన లేకపోయానే అనిపించింది. పక్కనే కూర్చున్న మనిషి మీద బెంగ పుట్టడం నాకు అప్పుడే తెలిసింది.

ఆమె వెళ్ళాక నేను మామూలు రోజుల్లో కూడా ఆడటం మొదలుపెట్టాను. ఆఫీసు నుంచి రాగానే, స్నానం చేసి, దీపం పెట్టి, ఒక గంట. ముందుగా కొట్టుగదిలో దాచినవన్నీ తీసి చూశాను. మూడు వంతులు అప్పటికే పాతబడి ఎందుకూ పనికిరావు, మిగిలినవి తొడుక్కున్నాను. మూడో స్థాయి మందిరం కాపలాదారుడు నన్ను ఎన్నిసార్లు పడగొట్టాడో రాసుకోవడం మొదటి వారంలోనే మానేశాను. వాడు గొడ్డలి ఎత్తే ముందు కుడి భుజం వంచుతాడని ఒకనాడు గమనించాను. రెండో స్థాయిలో ఎవరి భుజమూ చూడవలసిన అవసరం నాకు రాలేదు; డాలు అడ్డం పెడితే సరిపోయేది. చూడటం నేర్చుకున్నాక కాలు ఎప్పుడు కదపాలో తెలిసింది. ఫాల్గుణంలో ఆ తలుపు తెరుచుకుంది. లోపల మొదటి వీధిలోనే ఒక మామూలు కుక్క నన్ను చంపింది. అయినా ఆ కుక్క దగ్గర చివరికి రాలిన తోలు చేతితొడుగు, నేను దాచుకున్న ఏ వస్తువు కంటే మేలైనది. మెట్లు మళ్ళీ కదలడం మొదలైంది.

దుకాణం భాయ్‌కి చెబితే సంతోషపడి ఇరానీ చాయ్ తెప్పించాడు. “ఇంకొకటే తలుపు సార్,” అన్నాడు. ఇప్పుడు తాను నాల్గోదాంట్ల అప్పుడప్పుడు మేడం గారికి కనబడి సలాం కొడుతున్నానన్నాడు. ఆ మాటకు నాకు కలిగింది అసూయ కాక మరేమిటో నేను ఇంకా తేల్చుకోలేదు.

గువాహటిలో పొద్దు తొందరగా కుంకుతుంది. ఆదివారం నాలుగింటికి మేము మొదలుపెట్టేసరికి మా బాల్కనీలో బట్టల మీద ఇంకా ఎండ ఉంటుంది. అయిదు దాటీ దాటకముందే ఆమె లేచి లైటు వేసిన చప్పుడు హెడ్‌ఫోన్‌లో వినిపిస్తుంది. ఒకే దేశం, ఒకే గడియారం, నాకు సాయంత్రం అయ్యేసరికి ఆమెకు రాత్రి. కొత్త పనిలో ఆమెకు ఆదివారం కూడా కాగితాలుంటాయి. కొన్ని వారాలు అసలు ఆడదు. హెడ్‌ఫోన్ పెట్టుకుని తన కాగితాలు చూసుకుంటూ, నా ఆటను చెవితో వింటుంది. ఆమె ఎప్పుడూ దిగిరానని అనలేదు. రమ్మని నేను అడగడం లేదు.

నేను ఇప్పుడు నాలుగో స్థాయి మందిరం ముందు ఉన్నాను. ఇక్కడ కాపలా ఉన్నది రెక్కలున్న ఒక స్త్రీ. భుజం వంచదు, ముందు ఏ సూచనా ఇవ్వదు. నా వేళ్ళకు ఇక అంత వేగం వస్తుందో రాదో నేను చెప్పలేను. కంటి డాక్టరు తెర ముందు కూర్చోవడం తగ్గించమన్నాడు. ఈ తలుపు తెరుచుకోకుండానే ఆమె మూడేళ్ళ గడువు ముగిసిపోవచ్చు. అప్పటికి మరో సర్క్యులర్ కూడా రావచ్చు.

పోయిన ఆదివారం కూడా పడిపోయాను. తెర నల్లబడింది, మందిరం బయటి మెట్ల మీద సైనికుడు మళ్ళీ లేచి నిలబడ్డాడు. అవతల కాగితం తిప్పుతున్న చప్పుడు ఆగింది.

“ఈసారి దానికి ఎంత ప్రాణం మిగిలింది?” అని అడిగింది.

“మూడో వంతు.”

“పోయిన వారం సగం మిగిలింది కదండీ,” అంది. ఆ తర్వాత కాగితాలు పక్కన పెట్టినట్టు వినిపించింది. “ఉండండి, వెంటనే లోపలికి పోకండి. అది రెక్కలు ముడిచినప్పుడు మీరు ఎటు ఉన్నారో చెప్పండి నాకు.”

ఎడమ వైపు స్తంభం పక్కన ఉన్నానని చెప్పాను.